ఇద్దరికీ గుర్తున్న గతం: 'గో బ్యాక్ కపుల్' చెప్పిన దాంపత్య కథ

తెగిపోతున్న బంధాన్ని నిలబెట్టుకోవడానికి మనుషులను వెనుకటి కాలానికి పంపించే కథలు కొరియా, జపాన్ టెలివిజన్లలో ఎన్నో వచ్చాయి. కాలం వెనక్కి తిరగడానికి ఒక్కో కథ ఒక్కో ఉపాయం పన్నుతుంది. ఒకచోట పెళ్లి ఉంగరం, ఒకచోట పాత నాణెం, మరొకచోట విందులో చూపించే ఫొటో ఆ పని చేస్తాయి. ప్రేక్షకుల చర్చ ఎక్కువగా ఈ ఉపాయాల చుట్టూ, గతంలో ఏది మారితే వర్తమానంలో ఏది మారుతుందన్న లెక్కల చుట్టూ తిరుగుతుంది. అయితే ఈ కథల విలువను తేల్చేది ఆ లెక్క కాదు. వెనక్కి వెళ్లిన తర్వాత జరిగినదంతా ఎవరికి గుర్తుంది అన్న ఒక్క విషయం మీదే కథ స్వభావమంతా ఆధారపడి ఉంటుంది. ఒక్కరికే గుర్తుంటే రెండో మనిషి ఆ ఒక్కరు నేర్చుకునే పాఠానికి సాధనమైపోతుంది. ఇద్దరికీ గుర్తున్నప్పుడు మాత్రమే వారి మధ్య మాట సాధ్యమవుతుంది. ఈ తేడాను అందరికంటే స్పష్టంగా పట్టుకున్న ధారావాహిక, దక్షిణ కొరియాలో కేబీఎస్ 2 చానల్ 2017 అక్టోబరు 13 నుంచి నవంబరు 18 వరకు 12 భాగాలుగా ప్రసారం చేసిన 'గో బ్యాక్ కపుల్'.

ఇంటర్నెట్లో బొమ్మల కథగా వచ్చిన ఒక వెబ్‌టూన్ ఆధారంగా తీసిన ఈ కథలో మా జిన్‌జూ, చోయ్ బాన్‌డో 38 ఏళ్ల దంపతులు. వారికి సోజిన్ అనే చిన్న కొడుకు ఉన్నాడు. బాన్‌డో ఒక మందుల కంపెనీలో అమ్మకాల ఉద్యోగి. వైద్యుల చుట్టూ తిరిగి, వారి అవమానాలు మింగి, వారి సొంత పనులు కూడా చేసిపెట్టి ఆర్డర్లు తెచ్చుకోవడమే అతని రోజువారీ బతుకు. జిన్‌జూ ఇంట్లో ఒంటరిగా బిడ్డను పెంచుతూ, తన ముఖం తాను అద్దంలో చూసుకునే తీరిక కూడా లేని స్థితికి చేరుకుంటుంది. ఒక వైద్యుడి వ్యవహారాన్ని కప్పిపుచ్చే పనిలో బాన్‌డో ఇరుక్కోవడం, భర్తకు మరో స్త్రీతో సంబంధం ఉందని జిన్‌జూ నమ్మడం విడాకులకు దారితీస్తాయి. విడాకులైన రోజు రాత్రి ఇద్దరూ వేర్వేరు చోట్ల తమ ఉంగరాలను వదిలించుకుంటారు. తెల్లవారి లేచేసరికి అది 1999. ఇద్దరికీ 20 ఏళ్లు, ఇద్దరూ విశ్వవిద్యాలయ విద్యార్థులు. జిన్‌జూ చరిత్ర విభాగంలో, బాన్‌డో సివిల్ ఇంజినీరింగ్‌లో చదువుతున్నారు. ఈ వయసులు కొరియన్ల పాత పద్ధతిలో లెక్కించినవి. పుట్టగానే ఒక ఏడు వేసి, ప్రతి జనవరి 1న మరో ఏడు కలిపే ఆ లెక్కను 2023 జూన్‌లో చట్టం ద్వారా పక్కన పెట్టి అంతర్జాతీయ పద్ధతిని ఏకరూపంగా అమలులోకి తెచ్చారు. మిగతా ప్రపంచపు లెక్కలో జిన్‌జూ, బాన్‌డోలకు ఒకటి రెండేళ్లు తగ్గుతాయి.

రెండో అవకాశం దొరికిందనుకున్న ఇద్దరూ మొదట చేసే పని ఒకరికొకరు దూరంగా జరగడం. ఈసారి పొరపాటున కూడా పెళ్లి చేసుకోకూడదన్నదే ఇద్దరి నిర్ణయం. ఇక్కడే ఈ ధారావాహిక తన తరహా ఇతర కథల నుంచి విడిపోతుంది. బంధాన్ని కాపాడుకోవాలన్న కోరికతో ఎవరూ వెనక్కి రాలేదు. వారు వచ్చింది దాన్ని పూర్తిగా చెరిపేయగలిగే చోటికి. అందువల్ల చివరికి ఆ బంధం నిలబడితే, దానికి కారణం పథకం అయ్యే వీలు లేదు.

పోలిక కోసం జపాన్‌లో ఫూజీ టీవీ 2007 ఏప్రిల్ నుంచి జూన్ వరకు 11 భాగాలుగా ప్రసారం చేసిన 'ప్రపోజల్ దైసకుసెన్'ను చూడవచ్చు. చిన్ననాటి స్నేహితురాలు రేయి పెళ్లికి వచ్చిన ఇవాసె కెన్, ఆమెకు తన ప్రేమను ఎన్నడూ చెప్పలేకపోయినందుకు కుమిలిపోతుంటాడు. పెళ్లి మందిరంలోని ఒక దేవదూత వంటి వ్యక్తి కాలాన్ని ఆపి, విందులో తెరపై కనిపిస్తున్న ఫొటోలు తీసిన రోజులకు అతన్ని పంపుతాడు. ప్రతి భాగంలో అతను ఒక ఫొటో దగ్గరికి వెళ్తాడు, ఏదో ఒకటి సరిదిద్దుతాడు, తిరిగి వచ్చి చూస్తే పెళ్లి జరుగుతూనే ఉంటుంది. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా, అసలు చెప్పవలసిన ఒక్క మాట చెప్పనంతవరకు ఏదీ మారదన్న ఆలోచన ఆ ధారావాహికకు బలం. కానీ రేయికి ఇదేమీ తెలియదు. తన ఎదుట ఉన్న కుర్రాడు ఎన్నోసారి ఆ రోజును గడుపుతున్నాడో, ఏ సమాధానం ఆశించి ఆ మాట అంటున్నాడో ఆమె ఊహించలేదు. ప్రేమ వ్యక్తం కాని దశలో ఉన్న యువకుల కథ కాబట్టి ఆ అసమానత అక్కడ పెద్దగా బాధించదు. దాంపత్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇదే అసమానత తీవ్రమైన సమస్యగా మారుతుంది.

ఆ సమస్యను ఎదుర్కొన్నది 2018 ఆగస్టు 1 నుంచి సెప్టెంబరు 20 వరకు దక్షిణ కొరియా కేబుల్ చానల్ టీవీఎన్‌లో 16 భాగాలుగా వచ్చిన 'ఫెమిలియర్ వైఫ్'. బ్యాంకు ఉద్యోగి చా జూహ్యొక్, భార్య సో ఊజిన్ కోపతాపాలతో విసిగిపోయి ఉంటాడు. 2006లో ముద్రించిన 500 వొన్ నాణెం సాయంతో అతను 2006కి వెళ్తాడు. ఊజిన్‌ను కలుసుకున్న ఆ రోజును తప్పించుకుని, తనను ఇష్టపడిన సంపన్న యువతి హేవొన్ వైపు వెళ్తాడు. కొత్త వర్తమానంలో తన బ్యాంకుకే ఉద్యోగానికి వచ్చిన ఊజిన్ చలాకీగా, ధైర్యంగా, నవ్వుతూ కనిపిస్తుంది. భార్యగా ఉన్నప్పుడు ఆమె అలా మారిపోవడానికి తానే కారణమని జూహ్యొక్‌కు అప్పుడు అర్థమవుతుంది. చూడటానికి ఇది మంచి పశ్చాత్తాప కథే. అయితే ఆ పశ్చాత్తాపం ఎవరి దగ్గర వ్యక్తం కావాలో ఆ మనిషే అక్కడ లేదు. ఇద్దరు పిల్లల తల్లిగా ఒంటరిగా నలిగిపోయిన ఊజిన్ చెరిగిపోయింది. అతను ఎవరికి క్షమాపణ చెప్పినా అది ఏమీ అనుభవించని ఒక అపరిచితురాలికి చెప్పినట్టే అవుతుంది. రచయితలు ఈ లోపాన్ని గుర్తించారనే అనుకోవాలి. కథ చివరి భాగాల్లో ఊజిన్ కూడా నిజం తెలుసుకుని, అతన్ని అనుసరించి తానూ గతంలోకి వెళ్తుంది. తన జీవితంలో ఎవరు ఉండాలో తానే ఎంచుకునే హక్కు ఆమెకు అప్పుడు గానీ దక్కదు. కథ నిజంగా కుదురుకునేది కూడా అక్కడి నుంచే.

ఆ రెండో ఊజిన్‌కు చివర్లో దొరికిన స్థానాన్ని 'గో బ్యాక్ కపుల్' తన నాయికకు మొదటి రోజునే ఇచ్చింది. జిన్‌జూ, బాన్‌డో ఇద్దరూ 18 ఏళ్ల జీవితాన్ని గుర్తు పెట్టుకుని 1999లో కళ్లు తెరుస్తారు. ఎదుటివారికి కూడా అంతా గుర్తుందని త్వరలోనే వారికి తెలిసిపోతుంది. అప్పటి నుంచి ఆ ప్రపంచంలో వారు ఒకరికొకరు తప్ప మరెవరికీ అర్థం కాని మనుషులు. కాలేజీ మెట్ల మీద, వీధి చివర, బస్సు స్టాపు దగ్గర వారు పోట్లాడుకునే మాటలు చుట్టుపక్కల స్నేహితులకు పిచ్చి మాటల్లా వినిపిస్తాయి. 20 ఏళ్ల అమ్మాయి, అబ్బాయి ఇంటి ఖర్చుల గురించి, బిడ్డ జబ్బు చేసిన రాత్రి గురించి, రాని ఫోను గురించి అరుచుకుంటుంటారు. హాస్యంగా మొదలైన ఈ ఏర్పాటు క్రమంగా లోతుగా మారుతుంది. వర్తమానంలో వారు ఇలా పోట్లాడుకోలేదు. అక్కడ ఒకరు అలసిపోయి పడుకునేవారు, ఒకరు మాట మింగేసేవారు. ఉద్యోగం, అద్దె, బిడ్డ, అలసట అన్నీ తీసేసిన చోట మాత్రమే అసలు గొడవ పూర్తిగా పడటానికి వారికి తీరిక దొరికింది.

ఆ గొడవల్లో నెమ్మదిగా బయటపడేది ఒకే రకమైన నిజం. బాన్‌డో తన ఉద్యోగంలోని అవమానాన్ని ఇంటికి తీసుకురాకూడదని దాచాడు. అది బయటికి నిర్లక్ష్యంలా, రహస్యంలా కనిపించింది. జిన్‌జూ తన ఒంటరితనాన్ని చెప్పుకుంటే అలసి వచ్చిన మనిషికి భారమవుతుందని ఆగిపోయింది. అది అతనికి విసుగులా, అయిష్టంలా కనిపించింది. ఎదుటివారి మేలు కోరి చేసిన దాపరికం రెండు వైపులా పేరుకుపోయి అనుమానంగా గట్టిపడింది. అక్రమ సంబంధం అనే అపార్థం నిజానికి ఈ పేరుకున్నదాని మీద పడిన చివరి బరువు మాత్రమే. ఆ ఒక్క అపార్థాన్ని తొలగిస్తే సరిపోయేది అయితే 12 భాగాలు అక్కరలేదు, ఒక్క ఫోను సంభాషణ చాలు. దర్శకుడు హా బ్యంగ్‌హూన్, రచయిత్రి క్వొన్ హేజూ ఈ తేలిక దారి పట్టకపోవడం వల్లే కథకు బరువు వచ్చింది.

ఆ బరువంతా వచ్చి నిలిచేది జిన్‌జూ తల్లి గో అన్‌సుక్ దగ్గర. కిమ్ మిక్యంగ్ పోషించిన ఈ పాత్ర ధారావాహికకు గుండెకాయ. వర్తమానంలో ఆమె చనిపోయింది. ఆమె చివరి ఘడియల్లో జిన్‌జూ పక్కన బాన్‌డో లేడు. ఆ లోటును జిన్‌జూ మరచిపోలేదు, నోటితో పూర్తిగా అననూ లేదు. 1999లో నిద్ర లేచి బయటికి వచ్చిన జిన్‌జూకు మొదట కనిపించేది వంట పనిలో ఉన్న తల్లి. ఆ తర్వాత ఆమె తల్లిని వదిలి ఉండలేకపోవడం, చీటికి మాటికి కావలించుకోవడం, తల్లి వెంట ప్రతి పనికీ నడవడం చూస్తే, ఈ కథకు భార్యాభర్తల బంధం కంటే ముందు ఇంకొక బంధం ఆధారంగా ఉందని తెలుస్తుంది. 20 ఏళ్ల కూతురు హఠాత్తుగా ఇంత ప్రేమ ఎందుకు కురిపిస్తోందో తల్లికి అర్థం కాదు. ప్రేక్షకుడికి అర్థమవుతుంది కాబట్టి ఆ మామూలు దృశ్యాలు కూడా చూడటం కష్టమవుతుంది.

తల్లిని మళ్లీ చూసే హక్కు జిన్‌జూ ఒక్కదానిదే అయి ఉంటే ఇది మంచి తల్లీకూతుళ్ల కథగా మిగిలేది. ఇక్కడ కూడా ఇద్దరికీ గుర్తుండటం అన్న ఏర్పాటు తన పని చేస్తుంది. 1999లో అన్‌సుక్‌కు బాన్‌డో ఎవరో తెలియని ఒక కుర్రాడు. అతనికి మాత్రం ఆమె అత్తగారు, తనను కొడుకులా చూసుకున్న మనిషి, చివరి క్షణాల్లో తాను దగ్గర లేకపోయిన మనిషి. ఆమె ఎదురుపడినప్పుడు అతను తట్టుకోలేక ఏడుస్తాడు. ఎన్నో ఏళ్లుగా జిన్‌జూ ఆ మరణాన్ని తన ఒక్కదాని దుఃఖంగానే మోసింది. భర్త చేసింది నేరమని ఆమెకు తెలుసు, అతనికీ దుఃఖం ఉందని తెలియదు. నేరం చేసినవాడికి భార్య ఎదుట ఏడ్చే హక్కు లేదని అతను తన దుఃఖాన్ని అణచుకున్నాడు. ఒకే మనిషి కోసం ఇద్దరూ ఒకే ఇంట్లో విడివిడిగా దుఃఖించడం వారి దాంపత్యానికి పడిన అసలు దెబ్బ. సంసారాలు పెద్ద తగాదాలతో విరిగిపోతాయన్న అభిప్రాయం సర్వసాధారణం. పంచుకోని దుఃఖం అంతకంటే నిశ్శబ్దంగా, అంతకంటే పూర్తిగా విరగ్గొడుతుందని చూపించడంలో ఈ ధారావాహికకు సాటి వచ్చేవి ఎక్కువ లేవు.

గతంలోకి వెళ్లినా తల్లి మరణాన్ని ఆపే ప్రయత్నం కథకు కేంద్రం కాకపోవడం కూడా గమనించదగ్గది. ఈ తరహా కథల్లో ముందుగా వచ్చే ఆశ అదే: జబ్బును ముందే కనిపెట్టవచ్చు, ప్రమాదాన్ని తప్పించవచ్చు. ఇక్కడ గతం మరమ్మతు చేసుకునే వర్క్‌షాపు కాదు. అది జిన్‌జూకు తల్లితో మరికొన్ని రోజులు ఇస్తుంది, అంతే. ఆ రోజులు ముగియాలని చెప్పేది కూడా తల్లే. కూతురిలో ఏదో మారిందని, ఆమె మనసు ఇక్కడ లేదని అన్‌సుక్ పసిగడుతుంది. తల్లిదండ్రులు లేకపోయినా ఎలాగోలా బతకవచ్చని, బిడ్డ లేకుండా బతకడం సాధ్యం కాదని, కాబట్టి తన బిడ్డ దగ్గరికి వెళ్లిపొమ్మని ఆమె కూతురికి చెబుతుంది. ఏదీ గుర్తుండే అవకాశం లేని మనిషి, గుర్తున్నవారి కంటే ఎక్కువ అర్థం చేసుకోవడం ఈ కథ తన సొంత నియమానికి ఇచ్చుకున్న ఒకే ఒక మినహాయింపు. తల్లికి ఇచ్చిన ఆ మినహాయింపును ఎవరూ తప్పుపట్టలేరు.

సోజిన్ విషయం కాలయాత్రా కథలన్నిటిలోనూ ఉండే ఒక నైతిక చిక్కును బయటికి తెస్తుంది. దంపతులు గతంలో విడిపోతే వారి బిడ్డ పుట్టడు. 'ఫెమిలియర్ వైఫ్'లో జూహ్యొక్ మరో జీవితం ఎంచుకున్నప్పుడు అతని పిల్లలు లేకుండా పోతారు. ఆ ధారావాహిక ఈ నష్టం మీద నిలవవలసినంత సేపు నిలవదు. ఇక్కడ ఆ బిడ్డ లేకపోవడమే జిన్‌జూను వెంటాడుతుంది. వీధిలో పసిపిల్లలు కనిపిస్తే ఆమె ఆగిపోతుంది. యవ్వనం, తల్లి, స్నేహితులు, స్వేచ్ఛ అన్నీ తిరిగి దొరికిన చోట ఒక్కడు లేడు. ఆ ఒక్కడి గురించి మాట్లాడగలిగేది కూడా బాన్‌డో ఒక్కడితోనే. ఆ ప్రపంచంలో సోజిన్ ఉన్నాడని నమ్మే మనుషులు ఇద్దరే. ఆ ఇద్దరూ దూరమైతే ఆ బిడ్డ జ్ఞాపకంగా కూడా మిగలడు. బిడ్డ కోసం కలిసి ఉండాలన్న అరిగిపోయిన ఉపదేశానికి, ఇక్కడ కనిపించే భావానికి చాలా తేడా ఉంది. ఒకరినొకరు వదిలేసుకుంటే తమ జీవితానికి ఉన్న ఏకైక సాక్షిని వదిలేసుకున్నట్టే అవుతుందని వారు గ్రహిస్తారు.

1999ను ఎంచుకోవడంలో కాలపు గుర్తుల సరదా కొంత ఉంది. పేజర్లు వెనకబడి సెల్‌ఫోన్లు విస్తరిస్తున్న రోజులు, అప్పటి దుస్తులు, పాటలు తెర నిండా కనిపిస్తాయి. 2012 నుంచి టీవీఎన్ 'రిప్లై' వరుసతో కొరియాలో బలపడిన గతస్మృతుల ధోరణికి ఇది కొనసాగింపే. బాన్‌డోగా నటించిన సన్ హోజున్ ఆ వరుసలోని 'రిప్లై 1994'తోనే ప్రేక్షకులకు బాగా దగ్గరయ్యాడు. కానీ 1999కి కొరియా ఆర్థిక చరిత్రలో కూడా ఒక స్థానం ఉంది. 1997 డిసెంబరులో కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయం తీసుకోవలసి వచ్చింది. 1998లో ఆర్థిక వ్యవస్థ సుమారు 5 శాతం కుంచించుకుపోయి, 1999లో 11 శాతం పైగా పుంజుకుంది. అప్పుడు 20 ఏళ్లున్న తరం, అంతా మళ్లీ బాగుపడుతుందన్న నమ్మకంతో చదువు ముగించి, భద్రత తగ్గిన ఉద్యోగాల ప్రపంచంలోకి అడుగుపెట్టింది. వైద్యుడి ఎదుట వంగి నిలబడే 38 ఏళ్ల బాన్‌డో ఆ తరం మనిషి. ధారావాహిక ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పదు, చెప్పకపోవడమే మంచిదయింది.

నటన గురించి ఒక మాట అవసరం. 20 ఏళ్ల పాత్రలకు వేరే నటులను తీసుకోకుండా జాంగ్ నారా, సన్ హోజున్ చేతనే రెండు వయసులూ చేయించడం ఈ కథకు తప్పనిసరి. ముఖం యువతిది, చూపు తల్లిది అయినప్పుడే జిన్‌జూ నమ్మదగినదిగా ఉంటుంది. 1981లో పుట్టిన జాంగ్ నారా అప్పటికి 36 ఏళ్ల నటి. 20 ఏళ్ల అమ్మాయిగా కనిపించడం ఆమెకు కష్టం కాలేదని చాలామంది మెచ్చుకున్నారు. కష్టమైన పని వేరే ఉంది: ఆ అమ్మాయి నడకలో, కూర్చునే తీరులో, ఎవరైనా తన కోసం వండిపెడితే తినేటప్పటి ఆశ్చర్యంలో, ఏళ్ల తరబడి ఇంటి చాకిరీ చేసిన స్త్రీని కనిపింపజేయడం. ఆ పని ఆమె చేసింది.

చట్టం వైపు నుంచి చూసినా ఈ కథకు ఒక సందర్భం ఉంది. కొరియాలో పరస్పర అంగీకారంతో విడాకులు కోరే దంపతులకు 2008 జూన్ నుంచి పునరాలోచన గడువు తప్పనిసరి చేశారు. పోషించవలసిన మైనర్ పిల్లలుంటే 3 నెలలు, లేకపోతే 1 నెల ఆగిన తర్వాతే కుటుంబ న్యాయస్థానం వారి అంగీకారాన్ని ధ్రువీకరిస్తుంది. హింస వంటి అత్యవసర కారణాలుంటే గడువును తగ్గించవచ్చు, తీసేయవచ్చు. 2003లో సుమారు 1,67,000కు చేరి అత్యధికంగా నమోదైన విడాకులు 2017 నాటికి సుమారు 1,06,000కు తగ్గాయి. ఈ తగ్గుదలకు పెళ్లిళ్లే తగ్గిపోవడం వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి కాబట్టి గడువుకే ఆ ఘనతను కట్టబెట్టడం సరికాదు. అలాంటి గడువు కోపం చల్లారడానికి పనికొస్తుంది. జిన్‌జూ, బాన్‌డోలకు లోపించినది అది కాదు. వారి కోపం ఎప్పుడో చల్లబడి గడ్డకట్టింది. కరగడానికి వారికి మాట్లాడుకునే అవకాశం కావాలి.

ధారావాహికకు లోపాలు లేకపోలేదు. జిన్‌జూను ప్రేమించిన సీనియర్ జంగ్ నమ్‌గిల్, బాన్‌డో మొదటి ప్రేమ అయిన నృత్య విద్యార్థిని మిన్ సోయంగ్, ఇద్దరూ ఈ కథలో అన్యాయానికి గురైనవారు. వారు మనసిచ్చింది 20 ఏళ్ల దేహాల్లో ఉన్న 38 ఏళ్ల మనుషులకు. జిన్‌జూలోని ఓర్పు, బాన్‌డోలోని పరిణతి వారిని ఆకర్షించాయి. ఆ రెండూ ఒక పెళ్లిలో దెబ్బలు తిని సంపాదించుకున్నవి. దంపతులు తిరిగి వెళ్లిపోయాక ఈ ఇద్దరి ప్రేమ ఏమైందన్నదాన్ని కథ సున్నితంగా దాటేస్తుంది. ఎవరికి గుర్తుంది అన్న ప్రశ్నను దంపతుల విషయంలో అంత నిజాయితీగా అడిగిన కథ, వీరి విషయంలో అదే ప్రశ్నను అడగలేదు. నమ్‌గిల్ పాత్రకు జాంగ్ కీయోంగ్ తెచ్చిన గాంభీర్యం వల్ల ఆ వెలితి మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంకొక లోపం అంతకంటే పెద్దది. వర్తమానానికి తిరిగి వచ్చిన దంపతులకు ఒకరినొకరు చూసే చూపు మారింది, చుట్టూ ఉన్న పరిస్థితులు అలాగే ఉన్నాయి. బిడ్డ పెంపకం బరువు ఇంకా ఎక్కువగా జిన్‌జూ మీదే ఉంది. బాన్‌డో చేసిన తరహా ఉద్యోగాలు అతనిలాంటి మనుషులను వంచుతూనే ఉంటాయి. భర్త దాచింది అబద్ధం కాదు, అవమానం అని భార్య తెలుసుకోవడం ఎంతో గొప్ప విషయమే. ఆ అవమానం మర్నాడు మళ్లీ ఎదురైనప్పుడు వారిద్దరూ ఇంటికి వచ్చి దాన్ని చెప్పుకుంటారా, ఎవరు అన్నం వండుతారు, బిడ్డ రాత్రి లేస్తే ఎవరు లేస్తారు అన్నవాటికి మరికొంత చోటు ఇచ్చి ఉంటే, రాజీ ఇంకా నమ్మదగినదిగా ఉండేది. 12 భాగాల్లో ఎక్కువ భాగం 1999లో గడిపిన ధారావాహిక 2017కు మిగిల్చింది తక్కువ. వారికి అసలు అవసరమైన కాలం 2017లో మొదలవుతుంది.